గోదావరి రేవులో పాత నాణేలు: అయస్కాంతానికి అందనివి, యంత్రానికి తెలియనివి

కార్తీక మాసంలో రాజమండ్రి కోటిలింగాల రేవుకి తెల్లవారుజామున వెళ్తే, స్నానాలకి వచ్చేవాళ్లతో పాటు అయస్కాంతం పిల్లలు కూడా కనిపిస్తారు. పాత స్పీకరు పగలగొట్టి తీసిన గుండ్రటి అయస్కాంతం, దాని మధ్య కన్నంలోంచి దూర్చి ముడేసిన నైలాన్ తాడు, నడుముకి కట్టుకున్న గుడ్డసంచీ. అంతే సరంజామా. తాడు విసిరి, అయస్కాంతం అడుగు తాకేదాకా వదిలి, మెల్లగా ఒడ్డుకి లాక్కుంటారు. నేను కూర్చున్న పావుగంటలో ఒక కుర్రాడికి నాలుగు రూపాయి బిళ్లలు, ఒక రెండు రూపాయల బిళ్ల, వంగిపోయిన మేకు, జడపిన్ను, తుప్పు పట్టిన తాళంచెవి వచ్చాయి. బిళ్లలు సంచీలో వేసుకుని మిగతావి మెట్టు మీద పక్కకి పెట్టాడు, మళ్లీ నీళ్లలో పడకుండా.

పాత నాణేలు ఎప్పుడైనా తగిలాయా అని అడిగాను. "లేదండి బాబాయిగారూ. మా నాన్న కూడా ఇక్కడే తీసేవోడండి. పాతయ్యి మాత్రం దీనికి రావండి. ఎటు కొట్టుకుపోయాయో ఏంటో" అన్నాడు.

అతని ప్రశ్న నా బుర్రలో ఉండిపోయింది. ఈ రేవుల్లో ఎన్నో తరాల జనం మునిగారు, దండం పెట్టుకుని చిల్లర విసిరారు. 1900లో హేవ్‌లాక్ వంతెన మీద రైలు నడవడం మొదలయ్యాక కిటికీల్లోంచి పడిన చిల్లరకి లెక్కే లేదు. అదంతా సముద్రంలోకి పోయిందా? పోలేదు. చాలా వరకు అడుగునే ఉంది. అయస్కాంతానికి రాకపోవడానికి ఒక కారణం, కంటికి కనిపించకపోవడానికి ఇంకో కారణం. దొరికాక ఏం చెయ్యాలన్నది వేరే చిక్కు. ఒక్కోటీ విడదీసి చూద్దాం.

ఏ నాణెంలో ఏముంది

మన జేబులో ఉన్న రూపాయి ఉక్కు. నూటికి 83 పాళ్లు ఇనుము, 17 పాళ్లు క్రోమియం ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ రకం. అందుకే అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. రూపాయి ఇలా ఉక్కులోకి మారింది 1992లో. పది పైసలు, పావలా, అర్ధరూపాయి ఇంకాస్త ముందు, 1988లో మారాయి. 1975 నుంచి 1991 దాకా వచ్చిన రూపాయి మాత్రం రాగి, నికెల్ కలిపిన లోహం. ముప్పాతిక వంతు రాగి, పావు వంతు నికెల్. అంత రాగిలో కలిసిపోయాక నికెల్‌కి అయస్కాంత గుణం మిగలదు. 1992 తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన మందపాటి ఐదు రూపాయలు కూడా ఇదే లోహం. ఇప్పటి పసుపు రంగు ఐదు రూపాయల్లో ఎక్కువ పాలు రాగి, తర్వాత జింకు, కొంచెం నికెల్. అదీ అంటదు. అంటే ఆ కుర్రాడి అయస్కాంతం కింద నుంచి ఐదు రూపాయల బిళ్లలు రోజూ తప్పించుకుంటున్నాయన్నమాట. ఈ మాట చెబితే అతని మొహం చూడాలి.

ఇంకా వెనక్కి వెళ్తే, అంటకపోవడమే మామూలు. 1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టింది. బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. 1840 నుంచి దాని మీద విక్టోరియా రాణి బొమ్మ వచ్చింది. బరువు, వెండి పాలు అలాగే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1940లో వెండిని సగానికి తగ్గించారు. చిన్న చిల్లర ఎక్కువగా రాగి, కంచు. 1907 నుంచి అలల అంచు అణా, 1918 నుంచి నలుచదరపు బేడ, అంటే రెండణాల బిళ్ల, రాగి-నికెల్‌లో వచ్చాయి. 1943లో మధ్యలో పెద్ద కన్నంతో కంచు కాణీ, అంటే పావు అణా, వచ్చింది. మనం చిల్లికాణీ అంటామే, పెద్దవాళ్ల కళ్ల ముందు మెదిలేది ఆ బిళ్లే. వీటిలో ఒక్కటి కూడా అయస్కాంతానికి రాదు.

నైజాం వైపు సంగతీ అంతే. హాలీ సిక్కా రూపాయి వెండి, చిల్లర రాగి, కంచు. అసలు మనం రోజుకి వందసార్లు అనే 'డబ్బు' అన్న మాట కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే. మచిలీపట్నం టంకశాలలో కంపెనీ వేయించిన రాగి బిళ్లల్ని ఆ పేరుతోనే పిలిచేవారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 1947లో పులి బొమ్మతో వచ్చిన రూపాయి, 1950 నుంచి మూడు సింహాలతో వచ్చిన తొలి రూపాయిలు అచ్చమైన నికెల్. నికెల్ ఒక్కటే ఉంటే అయస్కాంతానికి అంటుతుంది. అందుకని "అంటితే కొత్తది, అంటకపోతే పాతది" అనే లెక్క నమ్ముకుని, అయస్కాంతానికి వచ్చిన తెల్ల బిళ్లలన్నీ కిరాణా కొట్లో ఇచ్చెయ్యకూడదు. ఒకసారి సంవత్సరం చూడాలి.

నది తనంతట తను చేసే వేర్పాటు

నీళ్లలో పడ్డ నాణెం ఎక్కడుంటుందన్నది దాని బరువు మీద ఆధారపడుతుంది. నీటితో పోలిస్తే వెండి పదిన్నర రెట్లు బరువు, రాగి దాదాపు తొమ్మిది రెట్లు, ఉక్కు ఏడున్నర రెట్ల పైన. నది ఇసుక మాత్రం రెండున్నర రెట్లకి కాస్త ఎక్కువ. వరదలో అడుగు ఇసుక ఊగిపోయి వదులైనప్పుడు, తనకంటే బరువైనదేదీ ఇసుక మీద నిలవదు. కిందికి దిగిపోతుంది. గట్టి బంకమన్ను పొరో, గులకరాళ్ల పొరో తగిలేదాకా దిగుతూనే ఉంటుంది. చేటలో బియ్యం చెరిగితే రాళ్లు ఒక పక్కకి చేరినట్టు, నది కూడా ఏళ్ల తరబడి చెరిగి బరువైనవన్నీ ఒక పొర మీదికి చేరుస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వెళ్లింది. అలాంటి వరద అడుగుని ఎంత లోతు కదిపి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మరి అల్యూమినియం? దాని బరువు ఇసుకంతే, వెంట్రుకవాసి ఎక్కువ. 1964లో వచ్చిన మూడు పైసలు, ఆ తర్వాత వచ్చిన అలల అంచు పది పైసలు ఇసుకలో దిగబడవు. ఇసుకతో పాటు ప్రయాణం చేస్తాయి. నా చిన్నప్పుడు దీపావళి దాటాక నీళ్లు తగ్గితే, రేవుకి బాగా దిగువన ఇసుక తిన్నెల మీద అల్యూమినియం పైసలు దొరికేవి. అవి అక్కడెందుకు తేలాయో పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

రాజమండ్రి రేవులకి ఇంకో సౌకర్యం ఉంది. కాస్త దిగువన ధవళేశ్వరం ఆనకట్ట. కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత దాని బదులు కట్టింది. వరద లేని రోజుల్లో రేవుల దగ్గర నీళ్లు దాదాపు నిలబడే ఉంటాయి కాబట్టి బరువైన నాణెం పడ్డచోటికి పెద్ద దూరం పోదు.

పడ్డచోటు ఏదన్నది అసలు ముఖ్యం. మొక్కుకుని విసిరిన నాణెం మెట్ల నుంచి నాలుగైదు బారల దూరంలో పడుతుంది. పొరపాటున జారిపోయిన నాణెం కథ వేరు. రొంటిన దోపుకున్న చిల్లర మొదటి మునకలోనే జారిపోతుంది, అంటే మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా. బట్టలు మార్చుకునే చోట పై మెట్ల సందుల్లో పడుతుంది. చన్నీళ్లకి వేళ్లు సన్నబడి ఉంగరాలు జారేది కూడా నడుము లోతులోనే. ఏ దేశంలోనైనా ఈత రేవుల్లో డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లు ముందు వెతికేది ఈ చోట్లే. జనం ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడి నుంచి దూకారు, ఎక్కడ తల తుడుచుకున్నారు అని చూస్తారు. యంత్రం ఆన్ చెయ్యకముందే సగం పని అయిపోతుంది.

యంత్రం ఏం వింటుంది

మెటల్ డిటెక్టర్‌కి అయస్కాంతంలా లాగే శక్తి ఏమీ లేదు. కింద పళ్లెంలా ఉండే భాగంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకి కొన్ని వేల సార్లు దిక్కు మార్చుకునే కరెంటు పారుతుంది. దాంతో చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం ఏదైనా లోహాన్ని తాకితే, లోహం ఒంట్లో చిన్న చిన్న సుడుల్లా కరెంటు తిరుగుతుంది. ఇంజనీర్లు వాటిని ఎడ్డీ కరెంట్లు అంటారు. ఎడ్డీ అంటే సుడి అనే అర్థం. ఈ సుడులు తమ వంతుగా ఒక బలహీనమైన క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి. దాన్ని రెండో తీగ చుట్ట పట్టుకుంటుంది. అదే మన చెవికి 'టింగ్' అని వినిపిస్తుంది.

అందుకే కరెంటు బాగా పారే లోహమైతే చాలు, అయస్కాంతానికి అంటకపోయినా పరవాలేదు. వెండి, రాగి ఇందులో మొదటి వరస. స్పీకరు అయస్కాంతం పూర్తిగా వదిలేసేవాటినే ఈ యంత్రం అన్నిటికంటే గట్టిగా వింటుంది. వెనక్కి వచ్చిన సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిచి, లోహం ఏ రకమో కూడా కొంత వరకు చెబుతుంది. వెండి రూపాయికి పెద్ద అంకె, సన్నటి రేకుకి చిన్న అంకె, ఇనుముకి గరగరమనే శబ్దం.

చెప్పినంత తేలిక కాదు. మన రేవు అడుగున ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. దీపాలు వదిలిన అల్యూమినియం రేకు గిన్నెలు, నిమజ్జనం చేసిన వినాయకుల లోపలి ఇనుప ఊచలు, దేవుడి పటాల చట్రాలు, పడవల మేకులు, సీసా మూతలు, మట్టెలు. రేకు గిన్నె నలిగి ముద్దయితే దాని అంకె చిన్న నాణెం అంకెకి దగ్గరకొస్తుంది. సన్నటి బంగారు ఉంగరం కూడా అదే అంకెల్లో పడుతుంది. చెత్త వద్దని ఆ అంకెలు ఆపేస్తే ఉంగరం కూడా పోయినట్టే. పెద్ద ఇనుప ఊచ పక్కనే వెండి రూపాయి ఉంటే ఊచ మోతలో రూపాయి మూగబోతుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ తయారు చేసిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే పట్టుకెళ్లాడు. తూటా దొరకలేదు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తప్పుదారి పట్టించాయని చెబుతారు. నూట నలభై ఏళ్లు దాటినా ఇనుముతో ఆ తగాదా పూర్తిగా తీరలేదు.

గోదావరికి సొంత తలనొప్పి ఇంకోటి ఉంది. చిన్నప్పుడు గోదావరి ఇసుకలో అయస్కాంతం తిప్పి, దానికి మీసాల్లా అంటుకున్న నల్లటి పొడిని కాగితం మీద నిలబెట్టి ఆడుకోనివాళ్లు మా వైపు తక్కువ. ఆ పొడి మాగ్నెటైట్, ఇనుప ఖనిజం. త్రయంబకం దగ్గర పుట్టిన నది దక్కను లావా రాళ్ల మీదుగా వస్తూ దాన్ని అరగదీసి తెస్తుంది. డిటెక్టర్‌కి ఆ ఇసుకంతా సన్నగా మోగే లోహంలాగే ఉంటుంది. అందుకే ముందు ఖాళీ ఇసుక మీద పళ్లేన్ని పైకీ కిందికీ ఆడించి, "ఇది నేల, దీన్ని పట్టించుకోకు" అని యంత్రానికి నేర్పాలి. అలా నేర్పడాన్నే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. అంతర్వేది లాంటి ఉప్పునీటి రేవుల్లో తడి ఇసుకే కరెంటుని పారనిస్తుంది కాబట్టి అక్కడ ఇంకో రకం యంత్రం కావాలి. అది ఆగి ఆగి ఒక్కో దెబ్బ కొట్టి, ప్రతిధ్వని ఎంతసేపు ఉందో వింటుంది. లోతు బాగా అందుకుంటుంది గానీ మేకుకీ నాణేనికీ తేడా చెప్పడంలో బలహీనం.

ఇక లోతు. ఒక్క నాణెమైతే మామూలు యంత్రానికి జానెడు అందితే గొప్ప. నాణెం రెట్టింపు లోతుకి దిగితే వెనక్కి వచ్చే సంకేతం సగం అవ్వడం కాదు, సుమారు 64 వంతుల్లో ఒక వంతు అవుతుంది. వరదలు ఏళ్ల తరబడి చెరిగి గట్టి పొర మీదికి చేర్చిన పాత వెండి ఎందుకు దొరకదో ఈ అంకె చెబుతుంది. అది ఉంది, కానీ వినపడనంత కింద ఉంది. మెట్ల సందుల్లో, రాతి కట్టడం పగుళ్లలో ఇరుక్కున్నవి మాత్రమే అందే దూరంలో ఉంటాయి.

యంత్రానికి వయసు తెలియదు

ఇంత చెప్పినా, యంత్రం చెప్పేది లోహం గురించే. ఇది ఎప్పటిది, ఎవరిది, అసలా నకిలీనా అన్నది దానికి తెలియదు. ఈ ఖాళీలోనే మోసగాళ్లు దూరతారు.

ఒక పక్క రాముడి పట్టాభిషేకమో హనుమంతుడో, ఇంకో పక్క ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే సంవత్సరం ఉన్న బిళ్లలు మీరు చూసే ఉంటారు. యాత్రాస్థలాల్లో అమ్ముతారు, కొన్ని రేవుల్లో కూడా దొరుకుతాయి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వెయ్యలేదు. అవి తర్వాతి కాలంలో జనం భక్తిని చూసి తయారు చేసిన బిళ్లలు. దేవుడి గుర్తుగా పూజలో పెట్టుకుంటే అది ఎవరి నమ్మకం వారిది. కానీ దాన్ని లక్షలు పలికే పాత నాణెం అని, బియ్యపు గింజల్ని లాక్కుంటుందని, అందులో ఇరిడియం అనే అరుదైన లోహం ఉందని చెప్పి అమ్మడం మోసం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'రైస్ పుల్లింగ్' పేరుతో ఎన్ని కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయో పేపర్లు చదివేవాళ్లకి తెలుసు. రాగి బియ్యాన్ని లాగదు, ఇరిడియమూ లాగదు. గింజలకి ముందే ఇనుప రజను పట్టించి, బిళ్ల వెనక అయస్కాంతం దాస్తే లాగుతుంది. మా చిన్నప్పటి ఇసుక ఆటే అది. పెద్దవాళ్లు పొలాలు తాకట్టు పెట్టి మరీ ఆ ఆటకి డబ్బు కడుతున్నారంటే బాధేస్తుంది.

కోటిలింగాల నుంచి కోటిలింగాల దాకా

మరి నాణెం వయసు, విలువ ఎవరు చెబుతారు? సగం దాని మీదున్న అక్షరాలు చెబుతాయి. మిగతా సగం అది దొరికిన చోటు చెబుతుంది.

ఇదే గోదావరి మీద, రాజమండ్రికి చాలా ఎగువన, జగిత్యాల జిల్లాలో పెద్దవాగు వచ్చి కలిసే చోట ఇదే పేరున్న ఊరు ఉంది, కోటిలింగాల. అక్కడ వానలు కురిసి మట్టి కొట్టుకుపోయాక ఊరివాళ్లకి చిన్న చిన్న నాణేలు దొరికేవి. చూడ్డానికి పెద్దగా ఉండవు, బజార్లో ఎవరూ ముట్టుకోరు. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు చదివితే గోభద, నారన, సమగోప లాంటి, అంతకుముందు చరిత్రలో లేని పేర్లు బయటపడ్డాయి. శాతవాహనుల్లో మొదటివాడని పురాణాలు చెప్పే సిముకుడి నాణేలు కూడా దొరికాయి. శాతవాహనులు పడమటి కనుమల వైపు నుంచి ఎదిగారా, తెలంగాణ గడ్డ మీద నుంచా అన్న పాత వాదానికి ఈ నాణేలు కొత్త బలం ఇచ్చాయి. అవే నాణేలు ఎవరో సంచీలో పోసుకుపోయి హైదరాబాద్ కొట్లో అమ్మి, అక్కడి నుంచి బొంబాయికి చేరి ఉంటే? అక్షరాలు అలాగే ఉండేవి. సిముకుడి పేరు కూడా ఉండేది. కానీ 'గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట' అన్న ఒక్క ముక్క పోయేది. వాదం తేల్చడానికి పనికొచ్చింది ఆ ముక్కే.

రాజమండ్రికి సొంత ఉదాహరణ ఉంది. ఇక్కడి నుంచి ఏలిన తూర్పు చాళుక్య రాజరాజ నరేంద్రుడి, ఆయన పెదతండ్రి శక్తివర్మ బంగారు నాణేలు, వరాహం గుర్తుతో పలుచటి రేకుల్లా ఉండేవి, బర్మాలోని అరకాన్ తీరంలో చెదూబా దీవిలో బయటపడ్డాయి. నాణెంలో బంగారం ఎంతుందో తూకం చెబుతుంది. మన గోదావరి జనానికి వెయ్యేళ్ల కిందట బంగాళాఖాతం అవతలి ఒడ్డుతో సంబంధం ఉందని చెప్పింది మాత్రం చెదూబా అనే పేరు.

అందుకే డిటెక్టర్ పట్టుకుని తిరగడమే తప్పని నేననను. బ్రిటన్‌లో 1997 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. పొలాల్లో యంత్రాలతో తిరిగేవాళ్లు తమకి దొరికినవి స్థానిక అధికారికి చూపించి, ఎక్కడ దొరికిందో నమోదు చేయిస్తారు. అలా 15 లక్షలకి పైగా వస్తువుల వివరాలు పోగయ్యాయి. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున వెతకాలంటే అనుమతి పత్రం ఉండాల్సిందే. మనకి అలాంటి నమోదు వ్యవస్థ లేదు. గుప్తనిధుల కోసం రాత్రిపూట గుళ్లు తవ్వేవాళ్ల చేతిలోనే మన జనం డిటెక్టర్‌ని ఎక్కువగా చూశారు. దాంతో నిజాయితీగా ఆసక్తి ఉన్న కుర్రాళ్లు కూడా దొరికింది దాచుకోవడమే క్షేమం అనుకుంటున్నారు. ఈ భయం పోవాలంటే చట్టం ఏమంటుందో తెలియాలి.

చట్టం అడిగే మూడు సంగతులు

మనకి ఇప్పటికీ అమల్లో ఉన్నది 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. నేలలో గానీ, నేలకి అంటిపెట్టుకున్న దేనిలో గానీ దాచిన విలువైన ఏ వస్తువైనా నిధే అంటుంది. విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్లు వీలైనంత త్వరగా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. దొరికింది ఏంటి, ఎంత విలువ చేస్తుంది. ఎక్కడ దొరికింది. ఏ తేదీన దొరికింది. చూడండి, నాణేల పండితులు అడిగే 'ఎక్కడ' అన్న ప్రశ్నే చట్టం కూడా నూట నలభై ఏళ్లకి పైగా అడుగుతోంది.

వస్తువుని ప్రభుత్వ ఖజానాలో జమ చెయ్యాలి, లేదా అడిగినప్పుడు తెస్తానని పూచీ ఇవ్వాలి. కలెక్టర్ ప్రకటన ఇచ్చి, నాలుగు నెలలకి తక్కువ కాకుండా, ఆరు నెలలు దాటకుండా విచారణ రోజు పెడతారు. గత నూరేళ్ల లోపు దాచిందని, అది తమదేనని ఎవరైనా వస్తే వ్యవహారం కోర్టుకి వెళ్తుంది. ఎవరూ రాకపోతే యజమాని లేనిదిగా ప్రకటిస్తారు. అప్పుడు స్థలం హక్కుదారు ఎవరూ ముందుకు రాకపోతే మొత్తం దొరికినవాళ్లదే. వస్తే, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పాతిక వంతు దొరికినవాళ్లకి, పావు వంతు స్థలం వాళ్లకి. చాలామందికి తెలియని సంగతి ఇదే. చట్టం దొరికినవాణ్ని దొంగలా చూడదు, పెద్ద వాటా ఇస్తానంటుంది. ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. పాత అక్షరాలున్న అపురూపమైన నాణేనికి లోహం ధర కట్టడం అన్యాయమే. ఇది మార్చాలి. తెలపకుండా దాస్తే మాత్రం వాటా పోతుంది, ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు.

పది రూపాయల హద్దు 1878లో పెద్ద మొత్తం. ఇప్పుడు ఒక్క విక్టోరియా రూపాయిలో పదిన్నర గ్రాముల పైన వెండి ఉంటుంది, లోహం ధరే ఆ హద్దుకి ఎన్నో రెట్లు. అయితే స్నానంలో జారిపోయిన ఒక నాణెం 'దాచినది' అవుతుందా? చట్టం మాటల్ని బట్టి చూస్తే దాచడం వేరు, పోగొట్టుకోవడం వేరు, దేవుడికని వదిలెయ్యడం వేరు. ఒక్క బిళ్ల విషయంలో వాదనకి చోటుంది. ఇసుకలో కుండ తగిలినా, ఒకేచోట గుప్పెడు పాత నాణేలు వచ్చినా ఇక వాదన అక్కర్లేదు. చెయ్యి ఆపి, ఫొటో తీసి, కలెక్టర్‌కి రాయాలి.

దీని పక్కనే 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దానితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి, మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన మేనల్లుడికి ముచ్చటపడి విక్టోరియా నాణెం చేతిలో పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రక్షిత కట్టడాలు, పురావస్తు స్థలాల్లోనైతే అనుమతి లేకుండా తవ్వడమే నేరం. అక్కడికి యంత్రం తీసుకెళ్లే ఆలోచనే వద్దు.

చింతపండు జోలికి పోవద్దు

దొరికిన నాణేన్ని మనవాళ్లు మొదట చేసేది తోమడం. నేనూ చేశాను. ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మమ్మగారింటి పెరట్లో బీరపాదుకి గొయ్యి తీస్తుంటే మందపాటి రాగి బిళ్ల ఒకటి వచ్చింది. పచ్చగా పాచి పట్టినట్టుంది, ఒక మూల గీతల్లాంటివి కనిపించాయి. చింతపండులో ఉప్పు కలిపి, దేవుడి చెంబు తోమినట్టు తోమాను. కొత్త రాగిలా మెరిసింది. గీతలు పోయాయి. ఆ పచ్చ పొర మట్టి కాదు, రాగి తన పైభాగాన్నే మార్చుకుని కట్టుకున్న పొర. చాలా పాత నాణేల్లో అక్షరాలు మిగిలేది ఆ పొరలోనే. పులుపు దాన్ని కరిగించేసింది, ఉప్పు లోపలికి దూరి తర్వాత మళ్లీ మళ్లీ పచ్చటి పొడి రాలింది. ఆ బిళ్ల ఇప్పటికీ నా దగ్గరుంది. అది ఏ రాజుదో నాకు తెలియదు, ఇక ఎవరూ చెప్పలేరు.

కాబట్టి మంచినీళ్లలో ముంచి, మట్టి దానంతటదే వదిలితే వదలనివ్వండి. మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి. కాగితం పొట్లంలో పెట్టి, పైన చోటు, లోతు, తేదీ, పక్కన ఇంకేం దొరికాయో రాయండి. నల్లబడ్డ వెండిని కూడా నల్లగానే ఉంచండి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు బాగుచేస్తారు, పాత మెట్లు తీసి కొత్తవి వేస్తారు, పూడిక తోడతారు. తరాల తరబడి మెట్ల సందుల్లో పేరుకున్న పొర అప్పుడు పొక్లెయిన్ తొట్టెలో ఒక్క పూటలో లారీకెక్కుతుంది. పని మొదలయ్యే ముందు పురావస్తు శాఖ వాళ్లు, దగ్గర కాలేజీల చరిత్ర విద్యార్థులు, రెండు మూడు డిటెక్టర్లు, ఘాట్ పటం ఒకటి పట్టుకుని వారం రోజులు తిరిగితే చాలు. ఏ మెట్టు దగ్గర ఏ కాలం నాణేలు ఎక్కువున్నాయో తెలిస్తే, రేవు ఎప్పుడు ఎటు జరిగిందో, జనం ఎక్కడి నుంచి వచ్చేవారో కొంత తెలుస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. అయస్కాంతం పిల్లల్ని కూడా కలుపుకోవాలి. అడుగు ఎక్కడ రాయో ఎక్కడ బురదో, ఎక్కడ ఒక్కసారిగా నిలువు లోతు వస్తుందో వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ లోతులు తెలియకుండా నాణేల కోసం ఎవరూ నీళ్లలో దిగకూడదు కూడా.

మొన్న వేసవిలో నీళ్లు బాగా తగ్గినప్పుడు మళ్లీ వెళ్లాను. ఆ కుర్రాడు నన్ను గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చాడు. సంచీలోంచి ఒక చిన్న రాగి బిళ్ల తీసి చూపించాడు. విక్టోరియా రాణి తల, వెనక పావు అణా. అయస్కాంతానికి రాలేదట, కాలి బొటనవేలికి తగిలిందట. తోమలేదు కదా అని అడిగితే, "లేదండి, తోమొద్దన్నారు కదండి" అన్నాడు. ఏ చోట దొరికిందన్నాను.

"కింద నుంచి మూడో మెట్టండి బాబాయిగారూ. రావిచెట్టుకి ఎదురుగా, మెట్టుకీ గోడకీ మధ్య సందులో. దాని పక్కనే చిల్లున్నది ఇంకోటి ఉందండి. ఇరుక్కుపోయింది, నేను పీకలేదు."

ఇద్దరం కలిసి ఆ మెట్టు దగ్గరికి దిగాం.